స్కాన్‌లో మచ్చను పట్టే లెక్క: మహలనోబిస్ చూపిన దారి

ఏటా జూన్ 29న మన దేశంలో జాతీయ గణాంక దినోత్సవం జరుగుతుంది. 2007 నుంచి ఇది ఆనవాయితీ. ఆ రోజు ప్రశాంత చంద్ర మహలనోబిస్ పుట్టినరోజు. పంచవర్ష ప్రణాళికల పాఠంలోనో, పోటీ పరీక్షల పుస్తకంలోనో మీరు ఈ పేరు చదివే ఉంటారు. ఆరోగ్యం పేజీలో ఆయనకేం పని అనుకుంటున్నారా? చాలా పని ఉంది. సీటీ స్కాన్‌కు ఎంత రేడియేషన్ వాడితే సరిపోతుందో తేల్చడానికి ఇవాళ నిపుణులు వాడే లెక్కల్లో ముఖ్యమైన దాని మూలం ఆయన 1936లో రాసిన ఒక సూత్రంలో కనిపిస్తుంది.

మన కర్నూలు, కడప జిల్లాల ఎండల గురించి మీకు నేను చెప్పాలా? పొలంలోనో, గనిలోనో, ఆటో నడుపుతూనో రోజంతా చెమటోడ్చి, తాగాల్సినన్ని నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడుతుంది. కిడ్నీలో రాళ్లు ఏర్పడటానికి అదొక ముఖ్య కారణం. నడుములో మెలిపెట్టే నొప్పితో వచ్చినవారికి చాలాసార్లు సీటీ స్కాన్ రాయాల్సి వస్తుంది. ఆ ఫిల్మ్ తీసుకుని ఓపీకి వచ్చేవారిలో కొందరు ముందుగా అడిగేది రాయి ఎంత ఉందని కాదు, ఫొటో నీటుగా వచ్చిందా అని. ఇసుక చల్లినట్టు గరుగ్గా కనిపిస్తే స్కాన్ చెడిపోయిందనుకుంటారు. ఇంకో ఊళ్లో, ఇంకా పెద్ద మిషన్ మీద మళ్లీ తీయించుకుని వస్తారు. డబ్బు పోవడం ఒక ఎత్తు. అవసరం లేని రేడియేషన్ రెండోసారి ఒంటికి తగలడం ఇంకో ఎత్తు.

ఇంతకీ స్కాన్ బాగుండటం అంటే ఏమిటి? కంటికి ఇంపుగా ఉండటమా? వెతుకుతున్న జబ్బు ఉందో లేదో తేల్చగలగడమా? ఈ రెండూ ఒకటి కావు. ఆ తేడా తెలుసుకోవడానికి మహలనోబిస్ జీవితాన్ని ఒకసారి తిరగేద్దాం.

తాతది మందుల దుకాణం

మహలనోబిస్ 1893లో కలకత్తాలో పుట్టారు. తాత గురుచరణ్ విక్రమపురం నుంచి కలకత్తా వచ్చి, 1860లో మందుల దుకాణం పెట్టి నిలదొక్కుకున్నారు. బ్రహ్మసమాజంలో చేరి, ఆ రోజుల్లోనే వితంతువును పెళ్లాడిన మనిషి. మేనమామ నీలరతన్ సర్కార్ పేరుమోసిన వైద్యుడు. కలకత్తాలో ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీకి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. అలా మందులూ వైద్యమూ ఎరిగిన కుటుంబమే అయినా, ప్రశాంత చంద్ర మనసు మాత్రం భౌతికశాస్త్రం మీదికి పోయింది. ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ లాంటి గురువుల దగ్గర చదివి 1912లో డిగ్రీ పూర్తిచేశారు. మరుసటి ఏడు ఇంగ్లండ్ ఓడ ఎక్కారు.

చేరాలనుకున్నది లండన్‌లో. ఒకరోజు కేంబ్రిడ్జి చూడ్డానికి వెళ్లి, తిరుగు రైలు తప్పిపోయి రాత్రి అక్కడే ఉండిపోయారు. కింగ్స్ కాలేజీ ప్రార్థన మందిరం చూసి ముచ్చటపడి, చివరికి ఆ కాలేజీలోనే సీటు తెచ్చుకున్నారు. కుంభకోణం నుంచి వచ్చిన గణిత మేధావి శ్రీనివాస రామానుజన్‌తో అక్కడే స్నేహం కుదిరింది. ఇంగ్లండ్ చలికి రామానుజన్ రాత్రిళ్లు ఓవర్‌కోటు తొడుక్కుని, పైన శాలువా కప్పుకుని పడుకునేవారట. మంచం మీద పరుపు కిందికి మడిచి పెట్టిన కంబళ్ల లోపలికి దూరి పడుకోవాలన్న సంగతి ఆయనకు తెలియదు. అది గమనించి, కంబళ్లు ఎలా కప్పుకోవాలో దగ్గరుండి చూపింది మహలనోబిస్. ఎదురుగా ఉన్నదాన్ని ఓపిగ్గా గమనించడం ఆయనకు చివరిదాకా ఉన్న అలవాటు.

ఓడలో చదివిన సంపుటాలు

1915లో చదువు ముగిసింది. సెలవులకు ఇంటికి వచ్చి, మళ్లీ కేంబ్రిడ్జి వెళ్లి పరిశోధన చేయాలన్నది ఆలోచన. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం సాగుతోంది. ప్రయాణం ఆలస్యమైన ఆ కొద్ది రోజుల్లో కాలేజీ గ్రంథాలయంలో ఆయన ట్యూటర్ బయోమెట్రికా అనే పత్రికను చూపించారు. మనుషుల, మొక్కల, జంతువుల కొలతలను గణితంతో విశ్లేషించే పత్రిక అది. మహలనోబిస్‌కు అది ఎంత నచ్చిందంటే, అప్పటిదాకా వచ్చిన సంపుటాలన్నీ కొని ఓడలో చదువుకుంటూ కలకత్తా చేరారు. ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరి, ఇక వెనక్కి వెళ్లలేదు.

1920లో నాగపూర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్ ఆయన దారి మార్చింది. జూలాజికల్ సర్వే అధిపతి నెల్సన్ అనండేల్ దగ్గర కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు బోలెడు ఉన్నాయి. ఎత్తు, తల పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు ఇలాంటివి. వాటిని విశ్లేషించి పెట్టమని ఆయన మహలనోబిస్‌ను కోరారు. 1922లో ఆ మొదటి వ్యాసం అచ్చయింది. మనుషులను కొలతలతో జాతులుగా విడగొట్టాలన్న ఆ కాలపు ఆలోచనను ఇవాళ సైన్స్ పక్కన పెట్టేసింది. ఆ పనిలోంచి పుట్టిన లెక్క మాత్రం మిగిలింది.

ఆయన ముందు నిలిచిన ప్రశ్న ఇది. రెండు సమూహాల మనుషులున్నారు. ఒక్కొక్కరికీ పదేసి కొలతలున్నాయి. ఈ రెండు సమూహాలు ఒకదానికొకటి ఎంత దగ్గర, ఎంత దూరం? ఒక్క అంకెలో ఎలా చెప్పాలి? అప్పటికి లండన్‌లో కార్ల్ పియర్సన్ పద్ధతి చలామణిలో ఉంది. దానిలో ఒక చిక్కు ఉందని మహలనోబిస్ గుర్తించారు. ఎంత ఎక్కువమందిని కొలిస్తే ఆ అంకె అంత పెరుగుతుంది. కొలిచినవారి సంఖ్య పెరిగినంత మాత్రాన రెండు సమూహాల మధ్య దూరం పెరగదు కదా! పియర్సన్ అంతటివాడికి ఈ విమర్శ రుచించలేదు. మహలనోబిస్ మాత్రం తన దారిన తాను వెళ్లి, 1936లో తన దూరం సూత్రాన్ని పూర్తిరూపంలో ప్రచురించారు. గణితం చదివినవారు దాన్ని డీ స్క్వేర్ అంటారు. ప్రపంచమంతా మహలనోబిస్ దూరం అంటుంది.

ఇద్దరు పిల్లలు, ఒకటే స్కేలు

సూత్రం పేరు విని భయపడకండి. మీ ఇంట్లో పిల్లల ఎత్తు, బరువు తెలిస్తే చాలు, ఇది అర్థమవుతుంది.

ఆరో తరగతిలో ఇద్దరు పిల్లలున్నారనుకోండి. మొదటివాడు క్లాసు సగటు కంటే 8 సెంటీమీటర్లు ఎత్తు, 5 కిలోలు ఎక్కువ బరువు. రెండోవాడు కూడా సగటు కంటే 8 సెంటీమీటర్లు ఎత్తే, కానీ 5 కిలోలు తక్కువ బరువు. మామూలు స్కేలుతో కొలిస్తే ఇద్దరూ సగటుకు సమాన దూరంలో ఉన్నట్టే. అయినా మీరు ఎవరిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు? రెండోవాడినే. ఎత్తు పెరిగితే బరువూ పెరగడం సహజం. అవి జంటగా నడుస్తాయి. మొదటివాడు ఆ నడకలోనే ఉన్నాడు. రెండోవాడు దానికి అడ్డంగా ఉన్నాడు.

తల్లి కంటికి తట్టే ఈ తేడాను అంకెలోకి తేవడమే మహలనోబిస్ చేసిన పని. ఏ కొలత ఏ కొలతతో కలిసి పెరుగుతుందో, కలిసి తగ్గుతుందో ముందు లెక్కలోకి తీసుకోవాలి. ఆ సహజమైన హెచ్చుతగ్గులను తీసేశాక మిగిలే తేడాయే అసలు దూరం. ఆయన లెక్కలో మొదటి పిల్లాడు సగటుకు దగ్గర, రెండోవాడు చాలా దూరం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కాసేపట్లో స్కాన్ దగ్గర మళ్లీ కావాలి.

మన వైపు శిష్యుడు

1931 డిసెంబరు 17న కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. కాపురం ప్రెసిడెన్సీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలోనే. మొదటి ఏడాది ఖర్చు 238 రూపాయలు. పదేళ్లకు, 1941 జనవరి 1న, ఒక తెలుగు యువకుడు అక్కడ శిక్షణకు చేరాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు. మనం సి.ఆర్.రావు అంటాం. పుట్టింది బళ్లారి జిల్లా హడగలిలో. కర్నూలు, కడప, అనంతపురంతో పాటు దత్తమండలాల్లో కలిసి ఉన్న బళ్లారి అది. గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో పట్టా పుచ్చుకుని ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లాడు.

గురువు కనిపెట్టిన దూరం సూత్రాన్ని శిష్యుడు ఆచరణలో పెట్టాడు. ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన శరీర కొలతల విశ్లేషణ అలా సాగినదే. 1946లో కేంబ్రిడ్జిలోని మ్యూజియంలో సూడాన్ దేశపు జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ప్రాచీన అస్థిపంజరాలను ఈ పద్ధతితో విశ్లేషించే పని కూడా రావుకే దక్కింది. ఆ తర్వాత ఆయన సొంత పరిశోధనలతోనే ప్రపంచ ప్రసిద్ధుడై, 102 ఏళ్లు బతికి 2023లో కన్నుమూశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరిట గణిత సంస్థ ఉంది.

కంటికి కనిపించేది, లెక్కకు తేలేది

మహలనోబిస్ గది దాటని గణితవేత్త కాదు. 1926లో ఒడిశాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచిందని, గట్లు ఎత్తు పెంచాల్సిందేనని ఇంజినీర్ల అభిప్రాయం. చూసినవారికి అదే నిజమనిపించింది. మహలనోబిస్ దాదాపు 60 ఏళ్ల వాన లెక్కలు, నీటిమట్టం లెక్కలు ముందేసుకుని కూర్చున్నారు. నది అడుగు పెరగలేదని తేల్చారు. ఎగువన కురిసిన భారీ వర్షమే వరదకు కారణమని చూపించారు. 2009 అక్టోబరులో తుంగభద్ర నీళ్లు కర్నూలు వీధుల్లోకి వచ్చిన రాత్రిని చూసిన మనకు, ఎగువ వానల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత 1937 నుంచి బెంగాల్‌లో జనపనార పంట లెక్కలు. ప్రతి పొలమూ కొలవాలంటే ఎంత డబ్బు, ఎంతమంది మనుషులు! ఎన్ని పొలాలు కొలిస్తే సర్కారుకు కావాల్సిన జవాబు తగినంత నమ్మకంగా వస్తుందో ముందు చిన్న నమూనాలతో తేల్చుకుని, అన్నే కొలిచారు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నెడు అన్నమూ పిసకం. ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. ఆ మెతుకు ఎక్కడి నుంచి తీయాలి, ఎన్ని తీయాలి అన్నదానికి శాస్త్రం కట్టినవారిలో ఆయన ముందువరుసలో ఉంటారు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే, ఇప్పటికీ మీ గడపకు వచ్చి ఇంటి ఖర్చులు అడిగే ఆ సర్వే, ఆయన చలవే. కావాల్సిన జవాబేమిటో ముందు తేల్చుకో, దానికి ఎంత కొలత అవసరమో అంతే కొలువు. ఆయన పని మొత్తంలో కనిపించే సూత్రం ఇదే. రేడియేషన్ విషయంలో మేం పాటించాల్సిందీ ఇదే.

1972, రెండు సంగతులు

1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక మహిళ తలకు స్కాన్ తీశారు. మెదడులో గడ్డ ఉందన్న అనుమానం. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు తయారుచేసిన మిషన్ మీద రోగికి తీసిన మొదటి సీటీ స్కాన్ అది. 1972 ఏప్రిల్‌లో ఆ సంగతి ప్రపంచానికి వెల్లడైంది. అదే ఏడు జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, మహలనోబిస్ కలకత్తాలో కన్నుమూశారు. అప్పటికి ఆయన రాయల్ సొసైటీ సభ్యుడు, రెండో పంచవర్ష ప్రణాళిక రూపశిల్పి, పద్మవిభూషణుడు. తన సూత్రం కొత్తగా పుట్టిన ఆ మిషన్‌కు ఒకనాడు పరీక్ష పెడుతుందని ఊహించే అవకాశం ఆయనకు లేకపోయింది.

సీటీ చిత్రం గురించి ఒక మాట. అది కెమెరా తీసే ఫొటో లాంటిది కాదు. ఎక్స్‌రే కిరణాలు ఒంటి చుట్టూ తిరుగుతూ వందల కోణాల్లోంచి దూరి వస్తాయి. ఎంత దూరాయి, ఎంత ఆగిపోయాయి అన్న అంకెల నుంచి కంప్యూటర్ లోపలి బొమ్మను లెక్కగట్టి గీస్తుంది. ఆ లెక్కను వేగంగా చేసే ఒక పద్ధతిని 1971లో మన జి.ఎన్.రామచంద్రన్, ఎ.వి.లక్ష్మీనారాయణన్ ఇచ్చారు. బొమ్మ లెక్కలోంచి పుట్టింది కాబట్టి లెక్క మారిస్తే బొమ్మ రూపమూ మారుతుంది. అదే స్కాన్‌ను నునుపుగానూ చూపవచ్చు, పదునుగానూ చూపవచ్చు. అందుకే రూపం చూసి మోసపోకూడదు.

చేటలో బియ్యం, బియ్యంలో రాయి

రేడియేషన్ తగ్గిస్తే బొమ్మలో గరుకు పెరుగుతుంది. దీన్ని నాయిస్ అంటాం. డోసు సగం చేస్తే గరుకు దాదాపు 1.4 రెట్లవుతుంది. నాలుగో వంతుకు దించితే రెట్టింపవుతుంది. మరి ఎంతవరకు తగ్గించవచ్చు?

మీ అమ్మగారు చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరుతున్నారనుకోండి. మినుముల్లో తెల్లరాయి ఉంటే కళ్లజోడు లేకున్నా దొరుకుతుంది. బియ్యంలో తెల్లరాయి అంత తేలిగ్గా దొరకదు. రాయి అదే. చుట్టూ ఉన్న గింజలు మారాయి. గింజలన్నీ ఒకే తీరుగా ఉంటే కొంత నయం. నూకలు, పెద్ద గింజలు, ముక్కలు కలగలిసి రాయి సైజులోనే ముద్దలు కట్టి ఉంటే కష్టం. అంటే రాయి దొరుకుతుందా లేదా అన్నది రాయికీ బియ్యానికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. బియ్యం గింజల్లో వాటిలో వాటికున్న తేడాల తీరు మీదా ఆధారపడుతుంది. మహలనోబిస్ దూరం కొలిచేది సరిగ్గా దీన్నే.

సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000. కిడ్నీ కణజాలం సుమారు 30. అందులోని రాళ్లు చాలావరకు కొన్ని వందల్లో ఉంటాయి. ఇది మినుముల్లో తెల్లరాయి. గరుకు కాస్త పెరిగినా రాయి దాగదు. అందుకే కిడ్నీ రాళ్లకు తక్కువ డోసు స్కాన్ సరిపోతుంది. లివర్ సంగతి వేరు. ఆరోగ్యమైన లివర్ 50, 60 దగ్గర ఉంటే, అందులోని చిన్న గడ్డకు దానితో తేడా పది, ఇరవై మాత్రమే ఉండొచ్చు. ఇది బియ్యంలో తెల్లరాయి. ఇక్కడ డోసు మరీ తగ్గిస్తే గడ్డ గరుకులో కలిసిపోతుంది.

మనిషి కన్ను, కంప్యూటర్ కన్ను

మిషన్ ఎంత డోసులో ఎంత చిన్న మచ్చను చూపగలదో పరీక్షించడానికి రోగులను మళ్లీ మళ్లీ స్కాన్ చేయలేం కదా. ఫాంటమ్ అనే బొమ్మను వాడతారు. ప్లాస్టిక్‌తోనో, నీటితోనో చేసిన గుండ్రటి దిమ్మె అది. లోపల చుట్టుపక్కల కంటే కొద్దిగా మాత్రమే తేడా ఉన్న చిన్న కడ్డీలు దాచి ఉంటాయి. దాన్ని రకరకాల డోసుల్లో చాలాసార్లు స్కాన్ చేస్తారు. తర్వాత రేడియాలజిస్టులను కూర్చోబెట్టి రెండేసి బొమ్మలు పక్కపక్కన చూపుతారు. ఒకదానిలో మచ్చ ఉంటుంది, ఇంకోదానిలో ఉండదు. ఏదో చెప్పాలి. ఊరికే బొమ్మాబొరుసూ వేసినా నూటికి 50 సరిగ్గా వస్తాయి. 95 వస్తే ఆ డోసులో మచ్చ నిజంగా కనిపిస్తోందన్నమాట. 60 దగ్గరే ఆగితే ఇంచుమించు ఊహిస్తున్నారన్నమాట.

పద్ధతి మంచిదే. కానీ వందల బొమ్మలు చూడాలి. కళ్లు అలసిపోతాయి. పగలంతా రోగుల స్కాన్లు చూసిన రేడియాలజిస్టుకు ఇంత తీరిక ఎక్కడిది? ఒకరికి కనిపించింది ఇంకొకరికి కనిపించకపోవచ్చు కూడా. అందుకే మనిషి బదులు పరీక్ష రాసే కంప్యూటర్ పరిశీలకుణ్ని తయారుచేశారు. దీన్ని మోడల్ అబ్జర్వర్ అంటారు. మచ్చ ఉన్న బొమ్మల గుంపు, మచ్చ లేని బొమ్మల గుంపు, ఈ రెండింటి మధ్య దూరమెంత అని అది లెక్కగడుతుంది. రెండు సమూహాల మనుషుల మధ్య దూరమెంత అని 1920ల్లో మహలనోబిస్‌కు ఎదురైన ప్రశ్నే ఇది. ఈ పరిశీలకుడికి అమెరికా గణాంకవేత్త హెరాల్డ్ హోటలింగ్ పేరు పెట్టారు. ఆయన 1931లో ఇచ్చిన పరీక్ష, మహలనోబిస్ దూరం అక్కాచెల్లెళ్ల లాంటివి. హోటలింగ్ పరిశీలకుడు ఇచ్చే మార్కు మహలనోబిస్ దూరమే.

ఆ ఇద్దరు పిల్లల ఎత్తు, బరువు గుర్తున్నాయా? బొమ్మలో పక్కపక్క చుక్కల గరుకు కూడా అలాగే జంటగా నడుస్తుంది. ఒకటి తెల్లబడితే పక్కదీ కాస్త తెల్లబడుతుంది. కొన్ని కొత్త సాఫ్ట్‌వేర్లు గరుకును తుడిచేసి బొమ్మను మైనపు పూత పూసినట్టు నున్నగా చేస్తాయి. గరుకును మాత్రమే కొలిస్తే బొమ్మ బ్రహ్మాండంగా ఉన్నట్టే. కానీ మిగిలిన గరుకు ముద్దలు ముద్దలుగా, మచ్చ ఆకారంలోనే మారి ఉంటే దూరం పెరగదు. తక్కువ తేడా ఉన్న చిన్న మచ్చలు నున్నటి బొమ్మలో కూడా మాయమవుతాయని మనుషులతో చేసిన పరీక్షలూ, కంప్యూటర్ పరిశీలకుల పరీక్షలూ చూపించాయి. అందమైన బొమ్మ మంచి బొమ్మ కావాలని లేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. కంప్యూటర్ పరిశీలకుడు మనిషి కంటే బాగా చూస్తాడు. వాడికి దొరికింది మనకు దొరక్కపోతే లాభమేముంది? 1987లో అమెరికాలోని కైల్ మైయర్స్, హారిసన్ బారెట్ దీనికో ఉపాయం చెప్పారు. మన కన్ను, మెదడు బొమ్మను ముతక గీతలు, సన్న గీతలు అంటూ కొన్ని జల్లెడల గుండా చూస్తాయి. కంప్యూటర్‌కూ అలాంటి జల్లెడలే పెట్టారు. మనిషి తడబాటుకు సమానంగా కొంత తడబాటు కూడా కలుపుతారు. అప్పుడు దాని మార్కులు రేడియాలజిస్టుల మార్కులకు బాగా దగ్గరగా వస్తాయి. తక్కువ డోసుతో అంతే బాగా కనిపిస్తుందని కంపెనీలు చెప్పుకునేదాన్ని పరీక్షించడానికి ఇవాళ ఇది ఒక గుర్తింపు పొందిన పద్ధతి.

ఒక్క సంగతి పొరపాటు పడకండి. ఈ కంప్యూటర్ పరిశీలకుడు మీ జబ్బును చెప్పేవాడు కాదు. మిషన్‌కు, దాని డోసుకు పరీక్ష పెట్టేవాడు. పైగా ఫాంటమ్‌లో మచ్చ ఎక్కడుందో ముందే తెలుసు. మీ కడుపులో ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మీ స్కాన్ చదివి రిపోర్టు రాసేది రేడియాలజిస్టే.

మీకు పనికొచ్చేది

డోసు ఎంతో ఒక అంచనా ఉంచుకోండి. గాలి, నేల, తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏటా అందే సహజ రేడియేషన్ సుమారు 2.4 మిల్లీసీవర్టులు. ఛాతీ ఎక్స్‌రేకు 0.1 కంటే తక్కువ. మామూలు కడుపు సీటీకి 8 నుంచి 10 దాకా. కిడ్నీ రాళ్లకు తక్కువ డోసులో తీస్తే 3 దరిదాపుల్లో, ఒక్కోసారి ఇంకా తక్కువ. ఒక్క స్కాన్‌తో కొంప మునగదు. కానీ రాళ్ల జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. ముప్పై ఏళ్ల మనిషికి వచ్చినప్పుడల్లా పూర్తి డోసు స్కాన్ తీస్తూ పోతే కూడిక పెద్దదవుతుంది.

అందుకే స్కాన్ రాసిన డాక్టర్‌ను మహలనోబిస్ ప్రశ్నే అడగండి. దీనితో ఏం తేల్చుకోవాలనుకుంటున్నారు? కిడ్నీలో రాయి అనుమానమైతే అల్ట్రాసౌండ్ సరిపోతుందా, సీటీ కావాలంటే తక్కువ డోసులో తీస్తారా అని అడగండి. పిల్లలు, గర్భిణుల విషయంలో ఇది మరీ ముఖ్యం. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా స్కాన్‌కు ముందే చెప్పండి. పిల్లలకు పిల్లల డోసు పెట్టారా అని అడగడంలో తప్పు లేదు.

ఫిల్మ్‌తో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఫిల్మ్ మీద ఉండేవి కొన్ని బొమ్మలే. సీడీలో అన్నీ ఉంటాయి. వాటిని రేడియాలజిస్టు పెద్దవి చేసి, వెలుగు మార్చి చూడగలరు. చాలా మిషన్లు డోసు వివరాల పేజీని కూడా అందులోనే పెడతాయి. పాత స్కాన్లు పారేయకండి. కడపలో తీసినది కర్నూలులో చూపిస్తే రెండోది తప్పిపోవచ్చు.

ఫిల్మ్ గరుగ్గా ఉందని మీ అంతట మీరు మళ్లీ తీయించుకోవద్దు. ఆ గరుకు మీ మేలు కోసం డోసు తగ్గించినందువల్ల వచ్చిందే కావచ్చు. ముందు రిపోర్టు చూడండి. అడిగిన ప్రశ్నకు అందులో జవాబు ఉంటే ఆ స్కాన్ మంచి స్కానే. జవాబు తేలలేదని రేడియాలజిస్టు రాస్తే అప్పుడు మళ్లీ తీయడం గురించి మీ డాక్టర్‌తో మాట్లాడండి.

రేడియేషన్ భయంతో కావాల్సిన స్కాన్‌ను వాయిదా వేయడం ఇంకా పెద్ద ప్రమాదం. ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, కాలూచెయ్యీ పడిపోయినా, రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినా ఒక్క నిమిషం ఆలోచించకండి. అక్కడ స్కాన్ ప్రాణం నిలుపుతుంది.

ఇక స్కాన్ దాకా రాకుండా ఉండే మార్గం మీ చేతిలోనే ఉంది. గుండె, కిడ్నీ జబ్బులతో డాక్టర్ నీళ్లు తగ్గించమని చెప్పినవారు తప్ప, మిగిలినవారు ఈ ఎండల్లో మూత్రం లేత రంగులో వచ్చేంతగా నీళ్లు తాగండి. పొలానికి వెళ్లేటప్పుడు సద్దిమూట పక్కన నీళ్ల సీసా కూడా పెట్టుకోండి.